పురాణకథ - దూరశ్రోత

పురాణము చెప్పువాడు అరుగు మీదను, వినువారు వాకిటను కూర్చుండిన కాలము మనకు తెలిసినదే. అప్పుడు వక్తకు శ్రోతల కన్నులు కనబడుచుండెను. ఎవరు కునికిపాట్లు పడుచున్నారో, ఎవరి కంట నీరు తిరిగినదో, ఏ తల్లి పసిబిడ్డ ఏడ్చుటచే లేచి పోవుచున్నదో ఆయనకు తెలియును. దానిని బట్టి కథ నడకను మార్చుకొనును. నేడు ఆ అరుగు స్థానమున ఒక చిన్న తెర వచ్చినది. చెప్పువాడు తిరుపతిలో నుండును. వినువాడు మదనపల్లెలోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావల డాలసు నగరములోనో ఉండును. ఇట్టి దూరశ్రోతను కథ ముగియువరకు నిలుపుట ఎట్లు అనునది నేటి ప్రసంగమునకు విషయము.

నేను కొంతకాలముగా తిరుపతి నుండి అంతర్జాలము ద్వారా పురాణేతిహాసములను, కథ చెప్పు విధానమును బోధించుచున్నాను. తొలినాటి పాఠమునకు తెర నిండ ముఖములు కనబడును. నమస్కారములు, నవ్వులు, "వినబడుతున్నదా అండీ" అను కేకలు. రెండవ వారమున కొన్ని ముఖములు మాయమై, వాని స్థానమున నల్లని గళ్ళును, గళ్ళలో పేర్లును మాత్రము మిగులును. నెల తిరుగునప్పటికి ఆ పేర్లును తగ్గును. ఆదిపర్వమున సర్పయాగమునకు వచ్చినంత జనము అరణ్యపర్వమున పాండవుల వెంట అడవికి రారు.

ఇది నా యొక్కని అనుభవము కాదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము, మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ అంతర్జాలమున అందరికిని తెరచిన పాఠ్యక్రమములను గూర్చి, 2012 నుండి 2018 వరకు గల లెక్కలను పరిశీలించి, పండితులు 2019లో ప్రకటించిరి. పేరు వ్రాయించుకొన్నవారిలో సగమునకు పైగా పాఠములోనికి ఒక్కసారియైనను అడుగు పెట్టలేదు. 2017-18లో తుదిదాక చదివి ముగించినవారు నూటికి ముగ్గురి కంటె కొంచెము మాత్రమే ఎక్కువ. ఊరక తొంగిచూడ వచ్చినవారును అందు అనేకులుందురు గనుక, వారందరు విద్యను విడిచిరనుట న్యాయము కాదు. అయినను అంత పెద్ద విద్యాపీఠములకే తప్పని చిక్కు మనకు తప్పునా?

మొదట నేను ఆ చిక్కునకు మందును తప్పుచోట వెదకితిని. కథలో ఆకర్షణ చాలలేదని తలచితిని. రంగుల బొమ్మలు చేర్చితిని. మాట వెనుక వీణానాదము పెట్టించితిని. కురుక్షేత్రమున వ్యూహములకు పటములు గీయించితిని. ప్రతి పాఠము చివర ప్రశ్నల పోటీ యేర్పరచితిని. రెండు దినములు సందడి జరిగినది. మూడవనాడు మరల నల్లని గళ్ళే. అప్పుడు నాకు కోపము వచ్చి నియమములు బిగించితిని. తెరమీద ముఖము చూపనివారికి హాజరు లేదంటిని. ఎన్నిసార్లు చెప్పినను ముఖము చూపని ఒక విద్యార్థిని పేరును, దుర్యోధనవధ పాఠము ముగిసిననాడు, పట్టికనుండి కొట్టివేసితిని.

కొన్ని దినముల తరువాత ఆ అమ్మాయి నాకు ఫోను చేసినది. వారిది పలమనేరు వైపున నొక పల్లె. అది మామిడికాయల కాలము. పగలెల్ల మండీలో కాయలు ఏరి, సాయంకాలమునకు ఇల్లు చేరును. ఇంటికంతకు ఫోను ఒక్కటే. కెమెరా పెట్టినచో ఆ పల్లెలో సిగ్నలు చాలక మాట తెగిపోవును. కావున మాట మాత్రము వినుచుండెను. ఇదంతయు ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. అడిగినందుకు చెప్పి, "మా అవ్వ మీతో ఒక మాట మాట్లాడాలంట సార్" అని ఫోనును ప్రక్కకు ఇచ్చినది.

ఆ ముసలమ్మ పలకరింపులతో కాలము పుచ్చలేదు.

"అయివారూ! దుర్యోధనుణ్ణి చంపేసినారు, సరే. ద్రౌపదమ్మ తల ముడేసుకునింది చెప్పకుండానే పొయినారే! అన్ని దినాలు ఆ తల్లి తల ఇరబోసుకోని ఉండె గదా. మళ్ళా పాఠంలో చెప్తారేమో అని కూసుంటే, మమ్మల్ని లోపలికే రానీలేదు" అనినది.

శ్రోతలారా, నాకు వెంటనే జవాబు తోచలేదు. నోటిదాక ఒక శాస్త్రవిషయము వచ్చినమాట నిజము. ద్రౌపది తన జుట్టును ముడిచికొను ఘట్టము వ్యాసభారతమున లేదనియు, సంస్కృతమున భట్టనారాయణుని వేణీసంహార నాటకము ఆ కల్పనకు ప్రసిద్ధమనియు చెప్పవచ్చును. కాని "మమ్మల్ని" అని ఆమె అన్న మాట నన్ను ఆపినది. నేను లేదని కొట్టివేసిన ఆ నల్లని గడి వెనుక ఒక్కరు గాక ఇద్దరు కూర్చుండి వినుచుండిరి. అందొకరు నా కథలో విడిచిపోయిన ముడిని గుర్తుంచుకొని, దానికొరకు వేచియుండిరి. తెర నిండ ముఖములు చూపినవారిలో ఎవ్వరును నన్నా ప్రశ్న అడుగలేదు.

అవ్వ చదువుకొన్న బడి వేరు. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి అని పిలువబడు ఆలయములు ఊరూరను కలవు. 2022లో జిల్లా విడిపోయి కొన్ని ఊళ్ళు తిరుపతి జిల్లాలోను, కొన్ని చిత్తూరు జిల్లాలోను చేరినను, భారతోత్సవమునకు ఆ హద్దు లేదు. అరవదేశమున ద్రౌపదమ్మకు జరుగు ఉత్సవములును ఈ మర్యాదలోనివే. సామాన్యముగా పదునెనిమిది దినములు సాగును. పగలు హరికథకుడు భారతకథ చెప్పును. రాత్రి ఆ కథనే వీధినాటకముగా తెల్లవారువరకు ఆడుదురు. విన్నదే చూతురు, చూచినదానినే మరునాడు చెట్ల నీడలలో తర్కించుకొందురు.

అంతటితో ఆగదు. బకాసురవధనాడు భీమ వేషధారి తినుబండారములతో నిండిన బండి నెక్కి వీధులు తిరుగును. ద్రౌపదీ కల్యాణమునాడు ఊరందరును పెండ్లివారే. అర్జునుని తపస్సునాడు ఎత్తైన తపస్సుమానును నాటుదురు. అర్జున వేషధారి పద్యములు పాడుచు మెట్టు మెట్టుగా దాని నెక్కి, పైనుండి నిమ్మపండ్లు, విభూతి క్రిందికి విసరును. సంతానము కోరు స్త్రీలు ఆ పండు తమ కొంగున పడునా అని మాను క్రింద వేచియుందురు. గోగ్రహణమునాడు ఊరి పశువులనే తోలుకొని వత్తురు. చివర దుర్యోధనవధ. మైదానమున మట్టితో దుర్యోధనుని ఆకారమును, నేలపై పరుండినట్లు, బ్రహ్మాండముగా చేయుదురు. దాని చుట్టును, దాని మీదను భీమదుర్యోధన వేషధారుల గదాయుద్ధము జరుగును. తొడ విరిగిన పిమ్మట గాని ద్రౌపదమ్మ తల ముడి పడదు. ఆ సాయంకాలమే కంకణము కట్టి ఉపవాసముండినవారు అగ్నిగుండమున నడతురు. ధర్మరాజు పట్టాభిషేకముతో ఉత్సవము ముగియును.

ఈ కథలో తెలియనిది ఏమున్నది? దుర్యోధనుడు ఓడుననుట పాలు త్రాగు పిల్లవానికిని తెలియును. ముగింపు తెలిసిన కథకు, వేసవి ఎండలో, అన్ని దినములు జనమెట్లు నిలిచిరి? బొమ్మల వలన కాదు, వీణ వలన కాదు. ఇందు రెండు కారణములున్నవని నాకు తోచినది.

మొదటిది, కథ ఒక బాకీని మోయుచున్నది. సభలో విడిన జుట్టు ముడిపడవలెను. అది అందరికిని గుర్తు. ద్రౌపది వేషము రంగమున కనబడినప్పుడెల్ల ఆ బాకీ తీరలేదని కన్నులకు తెలియుచునే యుండును. ఏమి జరుగునో అను కుతూహలము ఒక రాత్రికి చాలును. జరుగవలసినది ఎప్పుడు జరుగునో అను ఎదురుచూపు పదునెనిమిది దినములకు చాలును.

రెండవది, ఊరిలో ప్రతివానికిని కథయందు ఒక పాలు కలదు. మట్టి మోసినవాడు, మాను నరికి తెచ్చినవాడు, పశువులను తోలినవాడు, వేషగాండ్రకు అన్నము పెట్టిన ఇల్లాలు, అగ్నిగుండమునకు కట్టెలిచ్చినవాడు - వీరెవ్వరును కేవలము శ్రోతలు కారు. తన చేతిమట్టితో లేచిన దుర్యోధనుడు కూలునాడు ఇంట పరుండువాడెవడు?

మన పురాణముల నిర్మాణమును చూచినను ఈ రహస్యమే కనబడును. నైమిశారణ్యమున సూతుడు చెప్పినది శౌనకాదులు అడుగగా. వైశంపాయనుడు చెప్పినది జనమేజయుడు అడుగగా. శుకుడు భాగవతము చెప్పినది, ఏడుదినములలో మరణము తప్పదని తెలిసిన పరీక్షిత్తు అడుగగా. జనమేజయుడు ఊరక విని తల యూపువాడు కాడు. మా పెద్దలట్లేల చేసిరి, ఆ మాట విపులముగ చెప్పుమని మధ్య మధ్య అడ్డు తగులును. శ్రోత ప్రశ్నయే తరువాతి కథకు తలుపు. ఆ తలుపును మూసి, నేను చెప్పునది మీరు వినుడని గంటసేపు ఉపన్యసించుట మన మర్యాద కాదు. అట్లు చేయుచుండినది నేనే.

దూరమున్నంత మాత్రమున ఈ మర్యాద చెడదనుటకు మన రేడియోయే సాక్షి. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ అను పేరుతో ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు (1928-1990) రామాయణ భారతములను ప్రవచించిన కాలమున, రేడియోగల ఇంటి ముందు లేనివారును చేరి వినుట నేటి పెద్దలకు గుర్తే. ఆయనకు శ్రోతల ముఖములు కనబడలేదు. కాని శ్రోతలు ఉత్తరములు వ్రాసిరి. 'ధర్మసందేహాలు' అను కార్యక్రమమున ఆ ప్రశ్నలకు ఆయన సమాధానములు చెప్పెను. ఎక్కడనో పల్లెలో కూర్చుండి కార్డు వ్రాసినవాడు తన ప్రశ్న ఎప్పుడు వచ్చునో అని చెవియొగ్గి యుండును. ఆ కార్డే అతనికి కథలో దొరికిన పాలు.

సమీపకాలమున తిరుమలలోను ఇట్టిది జరిగినది. 2020లో కరోనా వ్యాధి మూలమున జనము ఇండ్లలో నిలిచినప్పుడు, నాదనీరాజన వేదికపై సుందరకాండ పారాయణము మొదలై, ఒక సంవత్సరమునకు పైగా, 2021 జూలై వరకు సాగినది. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలు దానిని ప్రత్యక్షముగా ప్రసారము చేసినది. సుందరకాండ అరువది యెనిమిది సర్గల గ్రంథము. ఒక్కనాడు కొద్ది శ్లోకములు మాత్రమే, కాలము నియతము, ఇంటివారును వెంట పలుకవలెను. చూచువారిని పలుకువారినిగా చేసినందుననే అంతకాలము నిలువగలిగినదని నా తలపు.

ఇవి యెల్ల ఆలోచించి, నేను పాఠపు తీరును మార్చుకొంటిని. ఇతర ఉపాధ్యాయులకు ఉపయోగపడునేమో యని ఆ మార్పులను చెప్పుదును.

కెమెరా నియమమును తీసివేసితిని. హాజరును ముఖముతో గాక మాటతో కొలుచుచున్నాను. వారమునకొకసారి ఒక నిమిషపు మాటను ఫోనులో పలికి పంపినచో చాలును. గంట పాఠమును ఇరువది నిమిషములకు తగ్గించి, మిగిలిన కాలమును ప్రశ్నలకు విడిచితిని. సిగ్నలు లేనివారికి పాఠమును మాటగా మాత్రమే పంపుచున్నాను. ఆగి ఆగి వినవచ్చును.

ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పాత్రను అప్పగించితిని. విదురుని తీసికొన్నవాడు పాఠము నడుచుచుండగా విదురుని పక్షమున జవాబు చెప్పవలెను. జూదమునాడు నీవు సభనుండి లేచి పోలేదేమని ఒకతె అడిగినది. విదురుడైన పిల్లవాడు ఆ రాత్రికి జవాబు లేదనెను. మరునాడు వెదకుకొని వచ్చెను. ఒకనాడు రాలేకపోయినవానికి నేను పాఠమును మరల పంపను. వచ్చినవారిలో ఒకరు కథను తమ మాటలలో చెప్పి వినిపింపవలెను. చెప్పినవానికే మేలెక్కువ. 2006లో రోడిగర్, కార్పికె అను ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, చదివినదానినే మరల మరల చదివినవారి కంటె, పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొన్నవారికి వారము తరువాత ఎక్కువ నిలిచియుండెనని తేలినది.

ఇక ప్రతి విద్యార్థియు తన ఊరి కథ నొకటి తేవలెను. ఒకరు కాణిపాకమున ముగ్గురన్నదమ్ములు బావి త్రవ్వగా వినాయకుడు వెలసిన కథను తెచ్చిరి. ఒకరు శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగుల కథను తెచ్చిరి. కలంకారీ పని యెరిగిన ఇంటి పిల్లవాడొకడు ఆ ఊరి వస్త్రమున కథను గళ్ళు గళ్ళుగా వ్రాసి, గడి క్రింద తెలుగు అక్షరములలో కథాంశము నెట్లు గుర్తింతురో చూపెను. నా రంగుల బొమ్మలకు ఎన్నడును రానన్ని ప్రశ్నలు ఆ గుడ్డకు వచ్చినవి.

ఇందొక జాగ్రత్త కలదు. అవ్వ చెప్పినది మధురమని దానిని వ్యాసుని మాటగా చెప్పరాదు. వ్యాసుని దేది, నన్నయ తిక్కన యెఱ్ఱనలు తెలుగున చెప్పినదేది, నాటకకర్త కల్పన యేది, మన ఊరి గుడి ముందర పుట్టినదేది అని వేరుపరచి చెప్పవలెను. అందులో ఎక్కువ తక్కువలు లేవు. చిరునామాలు మాత్రము వేరు. ఏ కథ ఎవరిదో అడుగుటయు విద్యార్థికి దొరకిన మరియొక పాలే.

ఇన్ని చేసినను అందరును నిలువలేదు. ఉద్యోగము దొరికి పోయినవారు, ఇంటి కష్టము వచ్చి ఆగినవారు, ఈ చదువు తమకు తగదని తెలిసికొని మానినవారు ఉన్నారు. వారిని నిందింపను. కాని పోవువాడు ఎందుకు పోవుచున్నాడో అడుగకుండ గీత కొట్టు అలవాటు మాత్రము నాకు పోయినది.

రేడియో గల ఇండ్లవారికి ఒక మనవి. మీ ఇంట పిల్లలు తెర ముందర పురాణపాఠము వినుచున్నచో, అవ్వనో తాతనో వారి ప్రక్క కూర్చుండనిండు. చెవులకు తంత్రులు తగిలించుకొని ఒంటరిగ వినుటకు పుట్టిన కథలు కావివి. పాఠము చెప్పువాడు విడిచినదానిని ఆ ముసలివారు పట్టుకొందురు. పట్టుకొన్నప్పుడు, అయ్యవారేమనుకొందురో అని నోరు మూయింపకుడు.

ఆ అమ్మాయి పేరును మరునాడే పట్టికలో మరల వ్రాసికొంటిని. క్షమింపుమని అడిగితిని. తరువాతి పాఠము నేను చెప్పలేదు, ఆమెనే చెప్పుమంటిని. కెమెరా లేదు. నల్లని గడిలోనుండి మాట వచ్చినది. సభలో జుట్టు విడిన దినము మొదలుకొని, వనవాసము, అజ్ఞాతవాసము, పదునెనిమిది దినముల యుద్ధము, ఒక్కొక్క దానిని తడవి, మట్టి దుర్యోధనుని దాక కథను తెచ్చినది. అచ్చట తడబడి యాగినది. వెనుకనుండి అవ్వ గొంతు అందుకొని, వేషగాని పద్ధతిలో రాగము తీసి, ద్రౌపదమ్మకు ముడి వేసినది.

పాఠమునకు నియమించిన కాలము అప్పటికి దాటిపోయినది. పట్టిక చూచితిని. ఒక్కరును లేచిపోలేదు.